నలభై ఒక్క గంటలు

ఉదయం ఏడింటికి ఫోను మోగింది.

"ఎన్ని?"

"పదకొండు" అంది కార్డులమ్మ.

అవతల రిసీవరు పెట్టేశారు. పందొమ్మిదేళ్లుగా రోజూ ఇదే సంభాషణ. ఆ గొంతుకి నమస్కారాలూ లేవు, బాగున్నారా అన్న పలకరింపూ లేదు. షెడ్డులో యుద్ధవిమానాలు పద్నాలుగు. ఏడింటికి వాటిలో ఎన్ని ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయో పైఆఫీసుకి చెప్పాలి. పదకొండుకి తగ్గితే ఇంజినీరు సారుకి అక్షింతలు పడతాయి, ఆయన నుంచి మిగతావాళ్లందరికీ తలా కాస్తా అందుతాయి. ఏడూ అయిదుకి ఎన్ని ఉన్నాయని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె బల్ల వెనక గోడంతా సొరుగులే. విమానంలో పనిచేసే ప్రతి వస్తువుకీ ఒక కార్డు. ఎప్పుడు వచ్చింది, ఏ విమానానికి బిగించారు, ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్ని గంటలకి పీకి పారెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. రాసేది ఆమె, కూడేది ఆమె, కింద సంతకం ఆమెది. ముత్యాల్లాంటి అక్షరాలు. తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ కార్డులు చూసి మురిసిపోయి, విమానాల దాకా వెళ్లకుండానే టీ తాగి వెళ్లిన రోజులున్నాయి.

కార్డులు కాక బల్ల మీద ఒక ఇనప ముల్లు ఉంటుంది. అది చేబదులు చీటీలకి. ఆరో నంబరు విమానానికి పంపు కావాలి, కొత్తది రావడానికి పద్నాలుగు నెలలు పడుతుంది, ఏడింటి లెక్క మాత్రం రేపే. అప్పుడు పక్క విమానం నుంచి పంపు విప్పి దీనికి పెడతారు. పొద్దుగూకే లోపల తిరిగిచ్చేదైతే కార్డు కదిలించక్కర్లేదు, చీటీ చాలు. ఇది రాసిపెట్టిన నియమం కాదు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన చెప్పి వెళ్లాడు. సాయంత్రానికి పంపు తిరిగి రాకపోతే పాత చీటీ చించేసి మర్నాటి తేదీతో కొత్త చీటీ గుచ్చుతారు. పంపు ఇల్లు చేరకపోయినా చీటీ చేరుతుంది. అందరికీ సుఖంగా ఉన్న ఏర్పాటు కాబట్టి దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు.

చేబదుళ్లలో ఎక్కువ భాగం తొమ్మిదో నంబరు నుంచి వెళ్లేవి. అది పెద్ద మరమ్మతు చేయించుకుని, ఒంటినిండా కొత్త సామానుతో వచ్చింది. వచ్చిన నెలకే రెక్క కింద బీట కనపడింది. అప్పటినుంచి నాలుగేళ్లుగా షెడ్డు మూల కూర్చుంది. కదలదు, మెదలదు, రోజూ తుడిపించుకుంటుంది. దానికి అత్తగారు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు ఆడిపోసుకోవడానికి పెట్టారు గానీ, పాపం ఈ అత్తగారు ఒంటి మీద నగలన్నీ ఒక్కొక్కటిగా కోడళ్లకి ఒలిచిచ్చి బోసిగా కూర్చుంది.

అయినా మూడు నెలలకోసారి అత్తగారు గాల్లోకి లేవాలి. తొంభై రోజులు నేల మీదే ఉన్న విమానాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. విమానం పోతే దాని పేరున వచ్చే విడిభాగాలు పోతాయి, దాని పేరున ఉన్న ఆరు ఉద్యోగాలు పోతాయి. అందుకని ఎనభై ఎనిమిదో రోజున కోడళ్ల దగ్గరున్న నగలన్నీ తెచ్చి అత్తగారికి అలంకరించి, అతుకేసిన రెక్కతోనే ఇరవై నిమిషాలు తిప్పి దించుతారు. మర్నాడు మళ్లీ ఒలుస్తారు. ఈసారి ఆ ముచ్చట గురువారం. ఇవాళ సోమవారం.

మధ్యాహ్నం స్టోరు బాబాయ్ వచ్చాడు. ఒక చేతిలో గోనెసంచి, ఇంకో చేతిలో పానా. ముప్పై ఏళ్లు విమానాల కింద పడుకుని పనిచేసి, నడుం పట్టేశాక స్టోరులో కుర్చీకి చేరిన మనిషి. పానా తెచ్చింది కార్డులమ్మ డబ్బా కోసం. మర మూత ఉన్న స్టీలు డబ్బా అది. పొద్దున్నే ఆమె భర్త సర్ది బిగించి ఇస్తాడు. ఆయన బిగించిన మూత ఆమె వల్ల కాదు, పక్క గది గుమస్తా వల్ల కాదు. రెండేళ్లుగా బాబాయ్ రావలసిందే, మూతని పానాతో పట్టి తిప్పవలసిందే.

"మీ ఆయన చేతిలో సత్తువ చావలేదమ్మాయ్" అన్నాడు బాబాయ్, మూత కిర్రుమనగానే.

ఆమె ఎప్పటిలాగే నవ్వీ నవ్వనట్టు నవ్వి డబ్బా దగ్గరికి లాక్కుంది. ఆ చెయ్యి పట్టే పానాని ఈ షెడ్డులోనే లాక్కున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బాబాయ్ సంచి బల్ల మీద పెట్టాడు. "ఆ పంపు. విచారణ ఎప్పుడో అయిపోయినా ఇన్నాళ్లూ సీలేసి బీరువాలో పెట్టారు. ఇప్పుడు తుక్కులో వెయ్యమన్నారు. ఎవడూ మళ్లీ అమ్ముకోకుండా పగలగొట్టాలిగా, పగలగొట్టాను. నువ్వు కార్డు మూసేస్తే ఒక పనైపోతుంది."

ఏ పంపో ఆమె అడగలేదు. చక్రాలు దించే నూనె పంపు. రెండేళ్ల కిందట ఆరో నంబరులో ఉన్నది. గొట్టం నట్టు వదులై నూనె కారిపోయింది, చక్రాలు దిగలేదు, విమానం పొట్ట మీద ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది. నడిపిన కుర్రాయన బతికాడు. వెన్ను దెబ్బతిని ఇప్పుడు కింది ఆఫీసులో సెలవు చీటీలు చూసుకుంటున్నాడు. నట్టు బిగించింది ఆమె భర్త.

ఆమె సొరుగు లాగింది. కార్డు వెతుక్కోనక్కర్లేదు, ఎక్కడుందో వేళ్లకి తెలుసు.

"ఎన్ని గంటలు తిరిగిందంటోంది కార్డు?" అన్నాడు బాబాయ్.

"నలభై ఒకటి."

బాబాయ్ నవ్వాడు. "నాలుగొందలేమో, సరిగ్గా చూడు."

"నలభై ఒకటే బాబాయ్. రాసింది నేను."

బాబాయ్ నవ్వు ఆపేశాడు. సంచిలో చెయ్యి పెట్టి పళ్ల చక్రం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. కొత్త చక్రాలు ఆమె ఎన్నో చూసింది. వాటి పళ్లు వేలికి గుచ్చుకుంటాయి. ఈ పళ్లు వాడివాడి అరిగిన సబ్బుబిళ్ల అంచులా నున్నగా ఉన్నాయి. రెండు పళ్లయితే సగానికి సగం లేవు.

"నలభై గంటలకి వీటి మీద రంగు కూడా పోదు" అన్నాడు బాబాయ్. "పళ్లు ఇంతలా అరిగితే పంపు వణుకుతుంది. వణికితే పక్కనున్న నట్టు, బ్రహ్మదేవుడు బిగించినా..." అని, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి మాట మింగేశాడు.

ఆమె కార్డు చూసింది. చక్రం చూసింది. మళ్లీ కార్డు చూసింది. డబ్బా మూత తీసింది తీసినట్టే ఉంది, ఆ పూట ఆమె తినలేదు.

విచారణ రోజు కళ్ల ముందుకొచ్చింది. బల్ల చుట్టూ ముగ్గురు ఆఫీసర్లు, మధ్యలో ఈ కార్డు. పంపు విప్పి చూడాలంటే చేసిన కంపెనీకే పంపాలి, తొమ్మిది నెలలు పడుతుంది, కొత్త పంపు ధరలో సగం అవుతుంది. నలభై ఒక్క గంటల పంపుకి అంత తతంగం ఎందుకన్నాడు పెద్దాయన. "ఈ రాత మీదేనా?" అని అడిగాడు. "నాదే సార్" అంది ఆమె. ఆ పూట కూడా, భర్త బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చుని ఉన్నా, తన రాతలో తప్పు లేదని కొంచెం గర్వంగానే అంది. పంపు మంచిదని తేలింది కాబట్టి ఇక మిగిలింది మనిషి చెయ్యే. "బిగింపు లోపం" అని రెండు మాటలు రాసి ఆయన్ని ఇంటికి పంపేశారు.

ఆ సోమవారం సాయంత్రం ఆమె విమానాలు ఎగిరిన గంటల రిజిస్టరు ముందేసుకుని, అక్కర్లేని తొందరతో పాత పేజీలన్నీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంది. ఆరో నంబరు ఏ రోజు ఎన్ని గంటలు ఎగిరిందో రిజిస్టరు చెబుతుంది. ఆ రోజు దాని కడుపులో ఏ పంపు ఉందో చెప్పేవి చీటీలు. చీటీలన్నీ తనే చించేసింది.

ఇంటికెళ్లేసరికి భర్త వంటగదిలో ఉన్నాడు. గ్యాసు మీట మూసి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వెళ్లి పట్టుకు చూసి, చెయ్యి తీసి, మళ్లీ పట్టుకు చూశాడు. రెండేళ్లుగా ఇదే వరస. కుళాయిలు ఆయన కట్టేశాక ఇంకొకరు విప్పలేరు.

"వాడి చెయ్యి తప్పే చెయ్యి కాదే అమ్మాయ్" అంది అత్తయ్య, వారానికోసారైనా అనే మాట. కార్డులమ్మ వారానికోసారి దాన్ని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. కన్నతల్లి, అలాగే అంటుంది మరి. ఇవాళ మాత్రం ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

మంగళవారం ఆమె సగం రోజు సెలవు పెట్టింది. భర్త అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, మంచం కింద రేకు పెట్టె లాగింది.

అందులో పద్దెనిమిది చిన్న పుస్తకాలు, ఏడాదికొకటి. చొక్కా జేబులో పట్టేవి, నూనె మరకలతో మూలలు నల్లబడ్డవి. ఎక్కడ ఏ నట్టు విప్పాడో, ఎక్కడ బిగించాడో, ఏ వస్తువు ఏ విమానం నుంచి తెచ్చి దేనికి పెట్టాడో అంతా రాసుకునేవాడు. షెడ్డులో అందరూ ఆయన్ని ఆటపట్టించేవాళ్లు, ఆమెతో సహా. అధికారికంగా కార్డులుండగా ఈ చాదస్తం ఎందుకండీ అనేది. విచారణలో ఆయన చివరి పుస్తకం ముందుంచితే, సొంత రాతలు సాక్ష్యం కావని తిరిగిచ్చేశారు.

నేల మీద కూర్చుని పుస్తకాలూ రిజిస్టరు నకలూ పక్కపక్కన పెట్టుకుంది. అసలు అత్తగారిదైన ఆ పంపు ఒక సోమవారం ఆరో నంబరుకి వెళ్లింది. చీటీ ప్రకారం ఆ సాయంత్రమే వెనక్కి వచ్చింది. ఆయన పుస్తకం ప్రకారం ఇరవై ఆరు రోజుల తర్వాత వచ్చింది. నాలుగు రోజులుండి రెండో నంబరుకి వెళ్లింది. అక్కడినుంచి పదకొండుకి, మళ్లీ ఆరుకి. ఎనభై ఎనిమిదో రోజు రాగానే పుట్టింటికొచ్చి ఇరవై నిమిషాలు ఎగిరేది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె తు.చ. తప్పకుండా కార్డు మీద రాసింది. కోడళ్లతో ఎగిరిన గంటలు మాత్రం కార్డు మీద ఎక్కనే లేదు.

కూడిక మూడుసార్లు చేసింది. మూడువందల ఎనభై ఎనిమిది. మూడువందలకి పీకి పారెయ్యవలసిన పంపు.

చివరి పుస్తకంలో చివరి పేజీ తీసింది. "ఆరో నంబరు. నూనె పంపు గొట్టం నట్టు బిగించాను. ఇంకోసారి పట్టి చూశాను. సరి." దాని కింద అంతా ఖాళీ. ఏడుపు కూడా రాలేదామెకి. నోరు తెరుచుకుని గోడకి ఆనుకుని, పెట్టె మూత వెయ్యడం కూడా మరిచిపోయి అలా కూర్చుండిపోయింది. మలుపు దగ్గర అత్తయ్య గొంతు వినపడ్డాక లేచింది.

బుధవారం పొద్దున్నే ఇంజినీరు సారు గది తలుపు కొట్టింది. ఆయన ఆమె కంటే పదేళ్లు చిన్న, మంచివాడు, నిద్ర చాలని ముఖం. కార్డు, చక్రం, కూడికలు వరసగా బల్ల మీద పెట్టింది. ఆయన చక్రం చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో పళ్లు ఒక్కొక్కటే తడిమాడు.

"ఇలాంటి కార్డులు ఎన్నుంటాయి మేడమ్?"

"తెలీదు సార్. కంపెనీ సీలుతో వచ్చిన నాలుగు కొత్త విమానాలున్నాయి చూడండి, ముట్టుకుంటే గ్యారంటీ పోతుందని వాటి జోలికి ఎవరూ వెళ్లలేదు. వాటి కార్డులకి నేను పూచీ. మిగతా పదింటికీ ఇవ్వలేను."

"పదింటికా!" ఆయన కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. "రేపు అత్తగారికి పెట్టే పంపు మూడో నంబరుది. దాని కార్డు ఎంతంటోంది?"

"అరవై రెండు."

"నిజంగా ఎంత?"

"అది చెప్పగలిగిన మనిషిని రెండేళ్ల కిందట ఇంటికి పంపించేశాం సార్."

ఆయన చక్రాన్ని బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు. "పదకొండు చెబితే, బాగానే ఎగురుతున్నాయిగా, విడిభాగాలెందుకు అంటారు. పదకొండుకి తగ్గిస్తే, ఎగరని వాటికి విడిభాగాలెందుకు అంటారు. నేను చేరినప్పటినుంచీ ఈ రెండు ఉత్తరాలే వస్తున్నాయి మేడమ్, మార్చి మార్చి." గొంతు తగ్గించాడు. "ఇది బయటికొస్తే ముందు పోయేది మీ సంతకం. ఇరవై నిమిషాలు. రేపొక్క రోజు గడిచాక చూసుకుందాం. ఆలోచించుకోండి. నేను ఆజ్ఞాపించలేను, అడ్డుపడనూ లేను."

ఆరోజంతా ఆమె కలం పట్టుకోలేదు. సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు విడవకుండానే ముందు గదిలో నిలబడింది. అత్తయ్య కళ్లలో మందు వేయించుకుని కళ్లు మూసుకుని పడుకుంది. భర్త బట్టలు మడతపెడుతున్నాడు.

"ఏమండీ, ఆ నట్టు మీరు బిగించారు."

"ఏ నట్టు?" అన్నాడు ఆయన. ఆ ఇంట్లో రెండేళ్లుగా ఉన్నది ఒకటే నట్టు.

ఆమె చెప్పింది. పళ్లు, చీటీలు, పుస్తకాలు, మూడువందల ఎనభై ఎనిమిది. ఎక్కడా ఆగకుండా, తన సంతకం దగ్గర గొంతు తగ్గించకుండా చెప్పింది. ఆయన చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"వణికుంటుంది" అన్నాడు చివరికి. "దిగేముందు కాళ్ల కింద వణుకు తెలిసిందని ఆ కుర్రాడు చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు."

"తప్పు నాదండీ."

ఆయన తల ఎత్తాడు. "కార్డు సంగతి వదిలెయ్. ఆ చీటీల మీద షెడ్డంతా బతికింది, నేనూ బతికాను. ఈ రెండేళ్లలో నువ్వు నన్నొక్క మాట అడగలేదు."

"ఏమని?"

"బిగించారా అని."

ఆమె చూపు ఆయన చేతిలోని చొక్కా మీదికి దిగింది.

"ఇంటికి పంపిన రోజున నువ్వేమన్నావో గుర్తుందా? పోనీలెండి, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి అన్నావు. ఆ మాట వినేదాకా నట్టు బిగించినట్టు నా చేతికి గుర్తుంది. ముగ్గురు ఆఫీసర్లు చెప్పినా నేను నమ్మలేదు. నువ్వు క్షమించేశాక నమ్మాను. గంటలన్నీ తెలిసిన మనిషివి, ఊరికే అనవు కదా అనుకున్నాను."

అంతకంటే ఆయన ఒక్క మాట ఎక్కువ అనలేదు, గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది ఆమెకి. ఎంత పెద్దమనసుతో అంది ఆ మాట! రెండేళ్లుగా దాన్ని తన మంచితనంలో జమ వేసుకుంటూ వచ్చింది.

ఆయన చొక్కా మంచం మీద పెట్టి వరండాలోకి వెళ్లిపోయాడు. అత్తయ్య కళ్లు తెరవలేదు. నేను ముందే చెప్పాను అనడానికి ఆవిడకి ఇంతకంటే మంచి అదను రాదు. ఆవిడ మాత్రం, "చెప్పులు విప్పి ఏమన్నా తిను అమ్మాయ్, రెండు రోజుల్నుంచి నీ ముఖం ముఖంలా లేదు" అంది.

గురువారం పొద్దున డబ్బా ఎప్పటి చోటే, గుమ్మం పక్క స్టూలు మీద ఉంది. ఆయన వరండాలోనే ఉన్నాడు. వెళ్లొస్తానంటే తల ఊపాడు.

ఏడింటికి రెండు నిమిషాల ముందు అత్తగారు సర్వాలంకారాలతో షెడ్డు బయటికొచ్చింది. నడిపే అబ్బాయి టోపీ చంకలో పెట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాడు. వాళ్లమ్మ వయసు ఎంతుంటుందో, బహుశా తన వయసే ఉంటుందనుకుంది కార్డులమ్మ. ఇంజినీరు సారు ఆమె గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఫోను మోగింది.

"ఎన్ని?"

"నాలుగు."

పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ గొంతుకి రెండో మాట వచ్చింది. "ఎవరు మాట్లాడుతున్నది?"

"కార్డులు రాసే మనిషిని. పద్నాలుగింట్లో నేను పూచీ పడగలిగినవి నాలుగు. మిగతా పదింటి గంటలు నాకు తెలియవు. తెలుసని ఇన్నాళ్లూ సంతకం పెట్టాను."

అవతల ఎవరెవరో ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇంజినీరు సారు ఫోను లాక్కుంటాడేమోనని ఆమె చూసింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఫోను దగ్గరికి రాలేదు, వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. కిటికీలోంచి చూస్తే, చెయ్యి అడ్డంగా ఊపుతూ అత్తగారి వైపు పరిగెత్తుతున్నాడు. నిచ్చెన మీద మూడో మెట్టెక్కిన అబ్బాయి దిగాడు.

ఆమె కార్డు తీసింది. నలభై ఒకటి కొట్టేసి మూడువందల ఎనభై ఎనిమిది రాసింది. "చెడిపోయిన కారణం" అన్న చోట రెండేళ్లుగా ఉన్న "బిగింపు లోపం" కొట్టేసి, ముత్యాల్లాంటి అక్షరాలతోనే "కార్డు లోపం" అని రాసి సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసింది.

పదింటికి ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. సొరుగుల తాళాలు అడిగి తీసుకున్నారు. మళ్లీ చెప్పేవరకు దేని మీదా సంతకం పెట్టొద్దన్నారు. ఆమె భర్త పుస్తకాలు ఎక్కడున్నాయని ఇద్దరు మర్యాదగా, ఒకాయన అమర్యాదగా అడిగారు. ఇంట్లో ఉన్నాయి, ఆయన్నే అడగండి, ఆయనిస్తే తీసుకోండి అంది. ఇనప ముల్లుని కూడా సంచిలో వేసుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం బాబాయ్ పానా పట్టుకుని వచ్చాడు. తాళాలు పడిన సొరుగుల వైపు చూశాడు. ఆమె అలవాటు కొద్దీ డబ్బా ఆయన వైపు జరిపింది. ఆయన అలవాటు కొద్దీ పానా ఆనించి, దవడలు బిగించి బలంగా తిప్పాడు. మూత గిర్రున తిరిగి ఊడొచ్చి బల్ల మీద పడి దొర్లింది. బాబాయ్ తూలి పడబోయి నిలదొక్కుకున్నాడు.

"ఇదేంటమ్మాయ్, మీ ఆయన ఇవాళ బిగించలేదా?"

ఆమె మూత చేతిలోకి తీసుకుంది. డబ్బా మీద పెట్టి రెండు వేళ్లతో తిప్పి చూసింది, మళ్లీ తీసింది. సోమవారం నుంచి రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

"బిగించారు బాబాయ్" అంది. "ఎంత కావాలో అంతే బిగించారు."